ఆరో రిసీవర్ ఎవరు? ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు జాబితాను ముందే ఊహించేవారికి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఏటా జూలై చివరి నుంచి ఆగస్టు ఆఖరు వరకు నా ఫోనుకు ఒకే రకం సందేశాలు వస్తుంటాయి. అడిగేవాళ్లలో ఎక్కువమంది అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్లే. ఆఫీసులో ఎవరో ఫాంటసీ లీగులో చేర్పిస్తారు. అక్కడి నుంచి అమెరికన్ ఫుట్‌బాల్, అంటే దాని వృత్తి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ పిచ్చి పట్టుకుంటుంది, తర్వాత ఈ జాబితాల పిచ్చి. నేను బోస్టన్ దగ్గర ఉంటాను, న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ అభిమానిని. అందుకే ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా ఆ జట్టువే.

అసలు ఊహించేది ఏమిటి?

వేసవి శిక్షణకు ప్రతి జట్టూ 90 మందిని పెట్టుకోవచ్చు. ఆగస్టు చివరి వారంలో, సీజన్ మొదలవడానికి ముందు, ఆ సంఖ్య 53కు దిగాలి. ఒకప్పుడు విడతలవారీగా కోసేవారు. 2023 నుంచి ఒకటే గడువు. 2025లో అది ఆగస్టు 26, సాయంత్రం నాలుగు గంటలు. ఉన్న 32 జట్లూ ఒకే రోజు కత్తెర పట్టుకుంటాయి కాబట్టి ఆ ఒక్క మధ్యాహ్నంలో వెయ్యి మందికి పైగా ఆటగాళ్లు పని పోగొట్టుకుంటారు. ఆ 53 పేర్లు ఎవరివో ముందే రాయడమే మన ఆట. నలభై పేర్లు ఎవరైనా కళ్లు మూసుకుని రాస్తారు. చిక్కంతా మిగిలిన పదమూడింటిలో ఉంది, అందులోనూ వైడ్ రిసీవర్ల దగ్గర.

వైడ్ రిసీవర్ అంటే ఎవరు?

దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరుగెత్తి పట్టుకునేవాడు. వీళ్లలో మూడు రకాలు. ఎక్స్ అనేవాడు ఒక అంచున, సరిగ్గా బంతి ఉన్న గీత మీద నిలబడతాడు. ఎదురుగా ఉన్న డిఫెండర్ చేతులతో అడ్డుకున్నా విదిలించుకుని పోగలిగే బలం ఉండాలి. జెడ్ ఒకడుగు వెనక నిలబడతాడు, బంతి కదిలేలోపు అటూ ఇటూ జరగగలడు. స్లాట్ లోపలివైపు ఇరుకులో ఆడతాడు. పొట్టివాడైనా చురుకైన కాళ్లుంటే చాలు. ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొత్తం ఎంతమంది రిసీవర్లను ఉంచుకుంటారు?

మామూలుగా ఐదుగురిని లేదా ఆరుగురిని. నలుగురితో సరిపెట్టిన జట్లూ ఏడుగురిని పెట్టుకున్న జట్లూ లేకపోలేదు.

ఐదుగురా ఆరుగురా అన్నది ముందే ఎలా తెలుస్తుంది?

రిసీవర్లను చూస్తూ కూర్చుంటే తెలియదు. మిగతా జట్టంతా లెక్కపెట్టాలి. 53లో ముగ్గురు తన్నుడు పనివాళ్లు: కిక్కర్, పంటర్ (బంతిని చేతిలోంచి వదిలి అవతలి జట్టు వైపు దూరంగా తన్నేవాడు, ఆ తన్నే పంట్), పంట్‌కు బంతి అందించే లాంగ్ స్నాపర్. మిగిలిన 50ని దాడికి, రక్షణకు దాదాపు సగం సగం పంచుతారు. దాడి వైపు పాతికలో క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరో ముగ్గురో, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లు ముగ్గురో నలుగురో, అడ్డుకోవడం, బంతి పట్టడం రెండూ చేసే టైట్ ఎండ్లు ముగ్గురో నలుగురో, ముందు వరుస భారీ మనుషులు తొమ్మిది మంది దాకా పోతారు. పళ్లెంలో రిసీవర్లకు మిగిలేది అదే. మూడో క్వార్టర్‌బ్యాక్‌ను ఉంచుకుంటే ఆరో రిసీవర్ ఎగిరిపోవచ్చు. రన్నింగ్ బ్యాక్‌కు ముందు దారి చేసే ఫుల్‌బ్యాక్‌ను వాడే జట్టయితే ఇంకో కుర్చీ పోతుంది. ముందు వరుసలో ఇద్దరు కుంటుతున్నారన్న వార్త వస్తే పదో లైన్‌మన్ కోసం కూడా రిసీవర్‌నే బలిస్తారు.

అందుకే ఆరు పేర్లు రాసి మురిసిపోయే ముందు 53 గళ్ల కాగితం గీసుకోండి. నేను ఇప్పటికీ పెన్సిల్‌తోనే నింపుతాను. అన్నిటికంటే ఎక్కువసార్లు చెరిపేది రిసీవర్ల గడులే.

మొదటి నలుగురిని ఎలా గుర్తించాలి?

డబ్బును చూడండి. ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు ఇచ్చే బోనస్‌ను జట్టు తన జీతాల పరిమితి లెక్కలో ఏళ్ల మీద పరచి చూపుతుంది. ఆటగాడిని మధ్యలో తీసేస్తే మిగిలిన వాయిదాలన్నీ ఒక్కసారిగా నెత్తిన పడతాయి. 2025లో ఆ పరిమితి 27.92 కోట్ల డాలర్లు. వినడానికి పెద్ద మొత్తమే, 53 మందికి పంచే సమయానికి బొటాబొటిగా ఉంటుంది. కాబట్టి మార్చిలో భారీ ఒప్పందం రాసినవాడిని ఆగస్టులో తీసేయరు. డ్రాఫ్ట్‌లో, అంటే కళాశాల ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, మొదటి మూడు రౌండ్లలో తీసుకున్న కొత్త కుర్రాడినీ మొదటి ఏడాది దాదాపు ఎప్పుడూ తీసేయరు.

మొదటి రౌండ్ ఆటగాడికి జీవితకాలం భద్రతేనా?

కాదు. 2016 డ్రాఫ్ట్‌లో 15వ స్థానంలో క్లీవ్‌లాండ్ తీసుకున్న కోరీ కోల్‌మన్‌ను 2018 ఆగస్టులో ఒక ఏడో రౌండ్ ఎంపికకు బదులుగా బఫలోకు ఇచ్చేశారు. నెల తిరగకుండానే బఫలో కూడా అతన్ని కోసేసింది. అదే డ్రాఫ్ట్‌లో 23వ స్థానంలో మిన్నెసోటా తీసుకున్న లాక్వాన్ ట్రెడ్‌వెల్‌ను 2019 కోతలో తీసేశారు. మూడో ఏడు దాటాక పుట్టుకను ఎవరూ చూడరు.

మరి ఐదో, ఆరో స్థానం ఎవరికి?

ఈ పేజీ రాయడానికి కారణమే ఈ ప్రశ్న. బాగా బంతి పట్టేవాడికే అనుకుంటారు చాలామంది. నాలుగో రిసీవర్ దాటాక పట్టడానికి బంతులే రావు. ఆరోవాడు ఆదివారం మైదానంలోకి వస్తే దాదాపు ఎప్పుడూ పంట్‌కో, కిక్‌ఆఫ్‌కో (ఆట మొదలుపెట్టే తన్ను), లేదా అవి తిరిగి అందుకోవడానికో వస్తాడు. ఈ పనులన్నిటినీ కలిపి స్పెషల్ టీమ్స్ అంటారు.

మనకు ఇది కొత్తేమీ కాదు. 2019 ప్రపంచకప్ జట్టును ప్రకటించినప్పుడు అంబటి రాయుడిని పక్కనపెట్టి విజయ్ శంకర్‌ను తీసుకున్నారు. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేయగలడన్నది చీఫ్ సెలక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ చెప్పిన కారణం. ప్రపంచకప్ చూడటానికి త్రీడీ కళ్లద్దాలకు ఆర్డరిచ్చానని రాయుడు ట్వీట్ చేశాడు. రాయుడు, ప్రసాద్ ఇద్దరిదీ గుంటూరే కావడంతో ఆ వేసవి మన ఇళ్లలో ఎంత రచ్చ జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. నేను రాయుడి పక్షమే. అయినా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చివరి కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ప్రతి జట్టులోనూ ఒక ప్రసాద్ ఉంటాడు, అక్కడ అతని లెక్కే గెలుస్తుంది.

దీనికి పరాకాష్ఠ మాథ్యూ స్లేటర్. 2008లో ఐదో రౌండ్‌లో పేట్రియాట్స్ తీసుకుంది. కాగితం మీద వైడ్ రిసీవర్. 16 సీజన్లు ఆడాడు, లీగ్‌లో మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్‌కు పది సార్లు ఎంపికయ్యాడు. మొత్తం మీద పట్టిన బంతి ఒక్కటి, 2011లో, 46 గజాలు. ప్రతి ఆగస్టులోనూ రిసీవర్ల వరుసలో అతని పేరు చూసి కొత్తగా జాబితాలు రాసేవాళ్లు తికమక పడేవారు.

స్పెషల్ టీమ్స్‌లో ఎవరు ముందున్నారో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

క్యాంప్‌కు వెళ్లి చూడండి. ఫాక్స్‌బరోలో పేట్రియాట్స్ శిక్షణ శిబిరం జనానికి తెరిచిన రోజుల్లో టికెట్ ఉండదు. గడ్డి గట్టు మీద కూర్చుని చూడవచ్చు. అందరి కళ్లూ క్వార్టర్‌బ్యాక్ మీదే ఉంటాయి. పంట్ సాధన మొదలవగానే జనం నీళ్ల సీసాల కోసం లేస్తారు. మీరు లేవకండి.

అంచున ఒంటరిగా ఒకడు వంగి నిలబడి ఉంటాడు. అతన్ని గన్నర్ అంటారు. అతని ముందు అడ్డుకోవడానికి ఒక్కోసారి ఇద్దరు. బంతి వెనక్కి వెళ్లగానే ఒకడి భుజం కిందుగా దూరి, రెండోవాడి చేతిని కొట్టేసి, గీత పక్కన సన్నని సందులోంచి బయటపడి పరుగు అందుకోవాలి. బంతి గాల్లో ఉండేది నాలుగైదు సెకన్లు. అది దిగేలోపు నలభై గజాల అవతల, అందుకునేవాడి ముందు వాలాలి. ఇది మొదటి బృందంతో ఏ రిసీవర్ చేస్తున్నాడో, రెండో బృందంతో ఎవరు చేస్తున్నారో అంకెలు రాసుకోండి. నేను చొక్కా నంబర్లే రాసుకుంటాను, పేర్లు ఇంటికొచ్చాక వెతుకుతాను. అప్పుడైతే నచ్చిన పేరు వైపు మనసు మొగ్గదు.

2024లో కిక్‌ఆఫ్ నియమాలు మార్చి, తిరిగి పరుగెత్తడానికి అవకాశం పెంచారు. అప్పటినుంచి బంతి అందుకుని పరుగెత్తగలిగే రిసీవర్‌కు గిరాకీ పెరిగింది.

ప్రీ సీజన్ మ్యాచ్‌లలో దుమ్ము రేపితే చాలదా?

చాలిన రోజులున్నాయి. 2010 ఆగస్టులో న్యూయార్క్ జెయింట్స్ తరఫున, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని విక్టర్ క్రూజ్ అనే కుర్రాడు జెట్స్ మీద ఆరు బంతులు పట్టి, 145 గజాలు సాధించి, మూడు టచ్‌డౌన్లు చేశాడు. జట్టులో చోటు దొరికింది. కానీ ఆ ఏడు మూడు మ్యాచ్‌లే ఆడాడు, ఒక్క బంతీ పట్టకుండానే గాయంతో తప్పుకున్నాడు. మరుసటి ఏడు 1,536 గజాలు. ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరిని రెండో క్రూజ్ అంటారు. మొదటి క్రూజ్‌కే ఏడాది పట్టిందని మరిచిపోతారు.

గజాలు చూడకండి, గడియారం చూడండి. కుర్రాడు ఏ క్వార్టర్‌లో దిగాడు? ఎదుట ఉన్నది అవతలి జట్టు అసలు డిఫెండర్లా, రేపు పని పోయేవాళ్లా? బంతి విసిరింది ఎన్నో క్వార్టర్‌బ్యాక్? నాలుగో క్వార్టర్‌లో 80 గజాలకంటే మొదటి క్వార్టర్‌లో పట్టిన రెండు బంతులు నయం. ఇంకో కిటుకు: మూడో, అంటే చివరి ప్రీ సీజన్ మ్యాచ్‌లో మీ అనుమానపు ఆటగాడు ఆరోగ్యంగా ఉండి కూడా పెద్దవాళ్లతో కలిసి టోపీ పెట్టుకుని పక్కన నిలబడ్డాడా? అతని చోటు ఖాయమైనట్టే. చివరి నిమిషం వరకు పరుగెత్తిస్తున్నారంటే ఇంకా పరీక్ష రాస్తున్నట్టు.

క్యాంప్ వార్తలను ఎంతవరకు నమ్మాలి?

పొగడ్తలను నమ్మకండి. ఆగస్టులో ఏ కోచ్ కూడా తన ఆటగాడిని తిట్టడు. ఎవరు ఏ బృందంతో ఆడారన్న సమాచారాన్ని మాత్రం నమ్మండి.

వేవర్లు అంటే ఏమిటి? వాటికీ మన ఊహకూ ఏమిటి సంబంధం?

నాలుగు లెక్కించదగ్గ సీజన్లు పూర్తికాని ఆటగాడిని తీసేస్తే అతను వెంటనే స్వేచ్ఛగా వెళ్లలేడు. మరుసటి రోజు మధ్యాహ్నం వరకు మిగతా 31 జట్లకు అతన్ని అడిగి తీసుకునే హక్కుంటుంది. గత ఏడాది బాగా ఓడిన జట్టుకు ముందు వరుస. తీసుకున్న జట్టు అతన్ని తన 53లోనే ఉంచుకోవాలి. నాలుగు సీజన్లు దాటిన సీనియర్‌కు ఆగస్టులో ఈ గొడవ లేదు. తీసేసిన క్షణం నుంచి తన ఇష్టం.

దీనివల్ల ఒక తిరకాసు ఉంది. ఇద్దరూ సమానమైతే జట్టు తరచుగా కుర్రాడిని ఉంచి సీనియర్‌ను తీసేస్తుంది. సీనియర్‌తో ముందే మాట్లాడుకుని రెండు రోజుల తర్వాత తిరిగి పిలవచ్చు. కుర్రాడిని బయటికి వదిలితే ఎవరు ఎత్తుకుపోతారో తెలియదు. వెస్ వెల్కర్ సంగతి తెలుసు కదా. 2004లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. శాన్ డియాగో 53లో చోటిచ్చి, ఒక్క మ్యాచ్ తర్వాత వదిలేసింది. మయామి పట్టుకుంది. 2007లో అతని కోసం మా పేట్రియాట్స్ రెండో రౌండ్, ఏడో రౌండ్ ఎంపికలు రెండూ మయామికి ఇచ్చింది. తర్వాతి ఆరు సీజన్లలో అతను పట్టిన బంతులు 672. శాన్ డియాగో వాళ్ల ఎదుట ఈ అంకె ఎత్తకండి.

ప్రాక్టీస్ స్క్వాడ్‌కు వెళితే ఓడిపోయినట్టేనా?

53లో చోటు దొరకని కొందరిని జట్టు సాధనకు ఉంచుకుంటుంది, అదే ప్రాక్టీస్ స్క్వాడ్. జేబుకు మాత్రం దెబ్బే. 2025లో 53లో ఉన్న కొత్త ఆటగాడి కనీస జీతం ఏడాదికి 8,40,000 డాలర్లు. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో కుర్రాడికి వారానికి 13,000. పద్దెనిమిది వారాలూ ఉన్నా మూడో వంతు కూడా రాదు. స్క్వాడ్‌లో 16 మంది ఉంటారు, విదేశీ ఆటగాడైతే అదనంగా ఇంకొకడు. ఒక్కో మ్యాచ్‌కు ఇద్దరిని పైకి పిలవచ్చు, ఒక్కో ఆటగాడిని సీజన్‌లో మూడు సార్లే.

ఆటకు మాత్రం అది ముగింపు కాదు. మిన్నెసోటా రాష్ట్రంలో ఒక చిన్న కళాశాలలో ఆడిన ఆడమ్ థీలెన్ 2013లో వైకింగ్స్ దగ్గరికి పరీక్ష ఇవ్వడానికి వచ్చాడు. ఆ ఏడంతా ప్రాక్టీస్ స్క్వాడ్‌లోనే గడిపాడు. మరుసటి ఏడు స్పెషల్ టీమ్స్ పుణ్యమా అని 53లోకి వచ్చాడు. 2018లో మొదటి ఎనిమిది మ్యాచ్‌లలోనూ వరుసగా వంద గజాలు దాటాడు.

2025లో మీ జాబితా ఎంతవరకు నిజమైంది?

ఈ ప్రశ్న వదిలేస్తారేమో అనుకున్నాను.

మొదటి ఐదు పేర్లు తేలికే. స్టెఫాన్ డిగ్స్‌కు మార్చిలో మూడేళ్ల ఒప్పందం రాశారు. అంతకుముందు అక్టోబర్‌లో మోకాలి లిగమెంట్ తెగినా, ఆ డబ్బు చూశాక అనుమానం అక్కర్లేదు. కైల్ విలియమ్స్ అదే ఏడు మూడో రౌండ్‌లో 69వ ఎంపిక. డెమారియో డగ్లస్ స్లాట్‌లో పాతుకుపోయాడు. కేషాన్ బుట్టే అంచున నిలదొక్కుకున్నాడు. మ్యాక్ హోలిన్స్ పొడగరి, స్పెషల్ టీమ్స్‌లో పుట్టి పెరిగినవాడు. చెప్పులు లేకుండా తిరిగే అలవాటు కూడా ఉంది. అదొక్కటే మన ఊరి మనిషిలా అనిపిస్తుంది.

మిగిలింది ఆరో గడి. అక్కడ నేను జావోన్ బేకర్ పేరు రాశాను. 2024లో నాలుగో రౌండ్ ఎంపిక, వయసుంది, వేగముంది. ఈస్టర్న్ వాషింగ్టన్ నుంచి వచ్చిన ఎఫ్టన్ చిజమ్ ఆ వేసవంతా చక్కగా బంతులు పట్టాడు. కానీ అతను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనివాడు, పైగా స్లాట్ ఆటగాడు. స్లాట్‌లో డగ్లస్ ఉన్నాడు. పంట్ అందుకునే పని రక్షణ వైపు ఆడే కార్నర్‌బ్యాక్ మార్కస్ జోన్స్ చేతిలో ఉంది. నా సిద్ధాంతం ప్రకారం చిజమ్‌కు చోటు లేదు. ప్రాక్టీస్ స్క్వాడ్ అని రాసుకుని పడుకున్నాను.

బేకర్‌ను కోసేశారు. చిజమ్ 53లో ఉన్నాడు.

ఎక్కడ తప్పానో ఆలోచిస్తే రెండు సంగతులు కనిపించాయి. ఒకటి, బేకర్‌ను తీసుకున్నది జెరాడ్ మేయో కోచ్‌గా ఉన్న ఏడు. 2025లో వచ్చిన మైక్ వ్రేబెల్‌కు ఆ ఎంపిక మీద మమకారం ఉండనవసరం లేదు. కోచ్ మారిన ఏడు పాత డ్రాఫ్ట్ ఎంపికల విలువలో సగం తీసేయాలని నేనే అందరికీ చెబుతుంటాను. నా జాబితా దగ్గరికి వచ్చేసరికి మరిచాను. రెండోది వేవర్ల భయం. వేసవంతా దేశం కళ్లముందు అలా ఆడిన కుర్రాడిని వదిలితే మళ్లీ దొరకడన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఈ రెండూ నా ఊహలే, వ్రేబెల్ నాకు ఫోన్ చేసి చెప్పలేదు.

2024లో రెండో రౌండ్‌లో 37వ ఎంపికగా వచ్చిన జాలిన్ పోక్ కథ ఇంకా పాపం. మొదటి ఏడాది పట్టినవి 12 బంతులు, 87 గజాలు. 2025లో భుజం గాయంతో గాయాల జాబితాకు వెళ్లి, సెప్టెంబర్‌లో న్యూ ఓర్లీన్స్‌కు బదిలీ అయ్యాడు. సీనియర్ కెండ్రిక్ బోర్న్‌ను కోత రోజుకు ముందే వదిలేశారు. ముందుగా వదిలితే వేరే జట్టు వెతుక్కోవడానికి అతనికీ కొన్ని రోజులు దొరుకుతాయి. అతను శాన్‌ఫ్రాన్సిస్కో చేరుకున్నాడు.

గాయపడినవాళ్లను ఎలా లెక్కించాలి?

53లో చేర్చకండి, కానీ మరిచిపోకండి. 2024 నుంచి కోత రోజునే ఇద్దరిని, మళ్లీ తిరిగి వచ్చే వీలుతో గాయాల జాబితాలో పెట్టుకునే అవకాశం ఇచ్చారు. అలా వెళ్లినవాడు కనీసం నాలుగు మ్యాచ్‌లు ఆడకూడదు. ఆ నాలుగు వారాలకు ఆరో రిసీవర్ అద్దెకున్నట్టు లెక్క.

కోత రోజు ప్రకటించిన 53 ఆఖరిదేనా?

ఒక్క రోజు కూడా నిలవదు. మరునాటి మధ్యాహ్నం వేవర్ల ఫలితాలు వస్తాయి. ఇతర జట్లు వదిలిన ఇద్దరు ముగ్గురు వస్తే ఇక్కడ ఇద్దరు ముగ్గురు పోతారు. పోటీలకు పందెం కాసేవాళ్లు మొదట ప్రకటించిన జాబితాకే మార్కులు వేసుకోవాలని ముందే తేల్చుకోండి. మా మిత్రబృందంలో దీని మీద రెండేళ్ల క్రితం జరిగిన వాదన ఇంకా నడుస్తోంది.

మ్యాచ్ రోజు 53 మందీ ఆడతారా?

లేదు. దాడి వైపు ముందు వరుస ఆటగాళ్లు ఎనిమిది మంది ఉంటే 48, లేకపోతే 47. రిసీవర్లలో సాధారణంగా ఐదుగురు దుస్తులు వేసుకుంటారు, ఆరోవాడు మామూలు బట్టలతో గీత పక్కన నిలబడతాడు. స్పెషల్ టీమ్స్ పని చేతకానివాడైతే మరీను.

హైదరాబాద్ నుంచి కోత రోజును అనుసరించాలంటే?

అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం నాలుగు అంటే మన దగ్గర అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. పేర్లు మాత్రం ముందురోజు రాత్రి నుంచే లీకవుతుంటాయి. నిద్రపోయి పొద్దున చూసుకోండి.

ఫాంటసీ జట్టులోకి ఆరో రిసీవర్‌ను తీసుకోవచ్చా?

వద్దు. అతను పంట్ వెనక పరుగెత్తి పది మందిని పడగొట్టినా మీ ఖాతాలో సున్నానే.